వాషింగ్టన్ పేరు చెప్పుకుని బతికిపోయిన వడ్రంగి ఇల్లు (ఓల్డ్ స్టోన్ హౌస్, జార్జ్‌టౌన్, డీసీ)

ఇండియా నుంచి ఎవరు వచ్చినా మనవాళ్ళు చూపించే డీసీ ఒకటే. కాపిటల్ బిల్డింగ్, వైట్‌హౌస్ కంచె ముందు ఫోటో, లింకన్ మెమోరియల్ మెట్లు, పిల్లలుంటే ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం, మర్నాడు ఓపికుంటే మౌంట్ వెర్నన్ (మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఇల్లు). సాయంత్రానికి జార్జ్‌టౌన్‌లో కప్‌కేకుల క్యూలో నిలబడి, నది ఒడ్డున కాసేపు తిరిగి, ఇంటికి. ఆ కప్‌కేకుల కొట్టున్న ఎం స్ట్రీట్ మీదే, 3051 నంబరులో, ఖరీదైన షాపుల మధ్య గరుకు రాళ్ళతో కట్టిన మూడంతస్తుల పాత ఇల్లు ఒకటి ఉంటుంది. పక్కనుంచే వెళ్తాం, ఏదో రెస్టారెంటు అనుకుని దాటేస్తాం. అదే ఓల్డ్ స్టోన్ హౌస్. 1765లో కట్టింది. డీసీలో పునాది కదలకుండా కట్టిన చోటే నిలబడి ఉన్న ఇళ్ళలో ఇదే అన్నిటికన్నా పాతది.

"కట్టిన చోటే" అని ఎందుకు అంటున్నానంటే, ఇదే ఊళ్ళో ద లిండెన్స్ అనే ఇల్లు ఇంకోటి ఉంది, అది 1754 నాటిది. కానీ దాన్ని మసాచుసెట్స్‌లో కట్టారు, 1930ల్లో ఒక డబ్బున్న కుటుంబం కొని, విడి భాగాలుగా ఊడదీయించి, డీసీకి తెప్పించి మళ్ళీ నిలబెట్టుకుంది. డబ్బుంటే ఇల్లు కూడా బదిలీ మీద వస్తుంది.

రేటింగ్ ముందే చెప్పేస్తా. ఐదుకి నాలుగు. టికెట్ లేదు, పూర్తిగా ఉచితం. నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళు నడుపుతారు, రాక్ క్రీక్ పార్క్ కింద వస్తుంది. లోపల తిరగడానికి అరగంట చాలు, తోటలో కూర్చుంటే గంట. ఒక స్టారు ఎందుకు కోశానో కింద చెప్తాను.

ముందు కథ తెలియాలి, లేకపోతే లోపలికెళ్ళి "ఇంతేనా" అని బయటికొచ్చేస్తారు. మా నాన్నగారు సరిగ్గా ఆ మాటే అన్నారు. ఆయన చిన్నప్పుడు ఉన్నది కూడా రాతి గోడల ఇంట్లోనే, అందుకని గోడ మీద చెయ్యేసి, కిటికీ దగ్గర మందం చూసి, "దీనికేంట్రా ఇంత హడావుడి, మన ఊళ్ళో సగం ఇళ్ళు ఇలాగే ఉండేవిగా" అన్నారు. ఆ ప్రశ్న మంచి ప్రశ్నే. దానికి జవాబు ఆ ఇంటి చరిత్రలోనే ఉంది, అదీ కాస్త తమాషాగా.

క్రిస్టఫర్ లేమన్ అని ఒక వడ్రంగి. జర్మన్ మూలాలున్న కుటుంబం, పెన్సిల్వేనియా వైపు నుంచి వచ్చారు. అప్పటికి జార్జ్‌టౌన్ ఊరు ఏర్పడి పుష్కరం దాటిందంతే, 1751లో మేరీలాండ్ కాలనీలో పొగాకు ఎగుమతి కోసం వెలిసిన రేవు పట్టణం. డీసీ అనేది లేదు, అమెరికా అనే దేశమే లేదు. మనకి లెక్క అందడానికి చెప్పాలంటే, ఈస్టిండియా కంపెనీ క్లైవు మొగలు చక్రవర్తి దగ్గర ఉత్తర సర్కారులకి ఫర్మానా రాయించుకున్నది కూడా ఆ 1765లోనే. అక్కడా ఇక్కడా దొర ఒకడే. సరే, ఈ లేమన్, ఆయన భార్య రేచల్ కలిసి 1764లో ఒక పౌను పది షిల్లింగులకి స్థలం కొన్నారు. మరుసటి ఏడాది నదికి ఎగువన దొరికే నీలి ఛాయ రాయి తెచ్చి ఒక అంతస్తు ఇల్లు కట్టుకున్నారు. వీధి వైపు గది పని చేసుకోవడానికి, మిగతాది కాపురానికి. కట్టుకున్న ఏడాదే లేమన్ పోయాడు. ఆయన వదిలి వెళ్ళిన ఆస్తి చూస్తే పనిముట్లు, ఒక పొయ్యి, ఇంకొంచెం సామాను. అంతే. సొంతిల్లు కట్టుకుని గృహప్రవేశం ముచ్చట తీరకుండానే పోయిన మనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు, ఈ ఊరికి లేమన్.

రేచల్ మళ్ళీ పెళ్ళి చేసుకుని 1767లో ఇల్లు అమ్మేసింది. కొన్నది కూడా ఆడమనిషే, కసాండ్రా చ్యూ. ఈ ఇంటికి ఇప్పుడున్న రూపం నిజానికి ఆవిడ ఇచ్చిందే. వెనకాల వంటిల్లు వేయించింది, తర్వాత రెండో అంతస్తు, 1790లు వచ్చేసరికి మూడోది. పెళ్ళైన ఆడదాని ఆస్తి చట్టప్రకారం మొగుడి చేతిలోకి పోయే రోజుల్లో ఒకావిడ తన పేరు మీద ఇల్లు కొని, పెంచి, కూతురికి ఇచ్చి వెళ్ళిందంటే చిన్న విషయం కాదు. అయితే ఆవిడని మరీ ఆకాశానికి ఎత్తెయ్యకండి. ఆవిడ దగ్గర బానిసలు ఉండేవారు. ఆ వంటింట్లో అంత పెద్ద పొయ్యి ముందు నిలబడి వండింది ఎవరు, పై అంతస్తులకి నీళ్ళూ కట్టెలూ మోసింది ఎవరు అని ఆలోచిస్తే ఇల్లు కొంచెం వేరేగా కనిపిస్తుంది. వెళ్తే ఈ సంగతి రేంజర్‌ని (ఇల్లు చూపించే పార్క్ సర్వీస్ ఉద్యోగిని) తప్పకుండా అడగండి, అడిగితేనే బాగా చెప్తారు.

ఇక్కడిదాకా మామూలు కథే. ఇలాంటి ఇళ్ళు ఆ రోజుల్లో ఎన్నో ఉండి ఉంటాయి, పోయాయి. మరి ఇది ఎందుకు పోలేదు?

ఒక అబద్ధం వల్ల. అబద్ధం అంటే మరీ పెద్ద మాటేమో, పొరపాటు అనుకుందాం.

1791 మార్చిలో జార్జ్ వాషింగ్టన్ జార్జ్‌టౌన్ వచ్చాడు. కొత్త రాజధాని కోసం భూములివ్వాల్సిన రైతుల్నీ భూస్వాముల్నీ ఒక సత్రంలో కూర్చోబెట్టి బేరం కుదిర్చాడు. (అవును, రాజధాని, భూసేకరణ, భూములిచ్చినవాళ్ళకి ప్లాట్లు. అమరావతి వార్తలు చదివే మనకి ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.) ఆ సత్రం జాన్ సూటర్ అనే ఆయనది. సత్రం తర్వాతి కాలంలో ఆనవాలు లేకుండా పోయింది. ఈ సూటర్ కొడుకు, ఆయన పేరు కూడా జాన్ సూటరే, గడియారాలు చేసేవాడు, 1800 ప్రాంతంలో మన రాతి ఇంటి ముందు గది అద్దెకి తీసుకుని దుకాణం పెట్టాడు. అంతే సంబంధం. తండ్రి సత్రం, కొడుకు దుకాణం, ఇద్దరిదీ ఒకే పేరు. వందేళ్ళు గడిచేసరికి జనం నోట్లో ఆ రెండూ కలిసిపోయి, "వాషింగ్టన్ కూర్చున్న సత్రం ఇదే", "నగరం ప్లాను గీసిన లాంఫాన్ ఇక్కడే ఉన్నాడు", చివరికి "ఇది వాషింగ్టన్ హెడ్‌క్వార్టర్స్" అనే దాకా వెళ్ళింది. ఇంటి మీద ఆ మాటతో బోర్డు కూడా పెట్టారు.

ఆ బోర్డే ఇంటిని కాపాడింది. వాషింగ్టన్ పేరున్న గోడని ఎవరు కూలుస్తారు? ఈలోగా ఇంట్లో ఏం నడవలేదని అడగండి. టోపీల కొట్టు, దర్జీ కొట్టు, తాళాలు బాగుచేసే కొట్టు, రంగులేసేవాళ్ళ దుకాణం, చివరికి 1950 వచ్చేసరికి సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారం. ఇప్పుడు గులాబీలూ పచ్చికా ఉన్న చోట అప్పుడు పాత కార్లు పెట్టి అమ్మేవారు. పాత ఫోటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, వెళ్ళే ముందు ఒకసారి చూడండి, సరదాగా ఉంటుంది. 1950లో కాంగ్రెస్ ఈ ఇంటి కోసమని చట్టం చేసింది, 1953లో ప్రభుత్వం 90,000 డాలర్లిచ్చి కొన్నది, మరమ్మతులు చేయించి 1960లో జనానికి తెరిచింది. ఆ తర్వాత నెమ్మదిగా కాగితాలు తిరగేసి చూస్తే, వాషింగ్టన్ వ్యవహారం ఈ ఇంట్లో జరగలేదని తేలింది.

నేనైతే ఈ మ్యూజియంలో అన్నిటికన్నా మెచ్చుకునేది ఈ నిజాయితీనే. వాళ్ళు ఇప్పుడు ఆ కథని దాచుకోరు. "పొరపాటు పేరుతో మిగిలింది, కానీ మిగిలినందుకు విలువైంది" అన్న ధోరణిలోనే చెప్తారు. మన దగ్గర ఏ గుట్ట ఎక్కినా సీతమ్మవారు స్నానం చేసిన గుంట, భీముడి అడుగు చూపిస్తారు కదా, అది కాదేమో అని అక్కడ ఎవరైనా అనగలరా?

ఇక విలువ సంగతి. ఇంత చిన్న ఇంటికి వారసత్వ విలువ ఏమిటని అడిగితే నా జవాబు ఇది: ఇందులో పెద్దమనిషి ఎవరూ లేకపోవడమే. డీసీ చుట్టుపక్కల మిగిలిన పాత ఇళ్ళన్నీ దాదాపుగా దొరలవి, భూస్వాములవి, అధ్యక్షులవి. చేత్తో పని చేసుకుని బతికినవాడి ఇల్లు, కింద దుకాణం పైన కాపురం ఉన్న ఇల్లు, ఆ కాలందే కళ్ళముందు చూడాలంటే ఇక్కడికే రావాలి. మనం కూడా అంతే చేస్తాం. విజయనగరంలో గురజాడ ఇల్లు ఉంచుకున్నాం, రాజమండ్రిలో కందుకూరి ఇల్లు ఉంచుకున్నాం, కడపలో బ్రౌన్ దొర బంగళా పాడైపోతే ఆ చోట ఆయన పేరుతో లైబ్రరీ కట్టుకున్నాం. అన్నీ మంచి పనులే, కాదనను. కానీ వాళ్ళ వీధిలోనే బతికిన కంసాలి ఇల్లో, సాలె మగ్గం గుంటతో సహా ఒక నేతగాడి ఇల్లో ఎక్కడైనా అలాగే ఉంచారేమో నాకు తట్టడం లేదు. నాన్నగారి ప్రశ్నకి జవాబు కూడా ఇదే. మన ఊళ్ళో సగం ఇళ్ళు ఇలాగే ఉండేవి, ఇప్పుడు ఒక్కటీ లేదు, ఇక్కడ ఒక్కటి ఉంది. ఆయన ఒప్పుకున్నారా అంటే, "ఆ" అన్నారు, అంతే.

మౌంట్ వెర్నన్ చూసినవాళ్ళకి ఇంకో ముచ్చట. వాషింగ్టన్ భవనం బయటి నుంచి తెల్లటి చెక్కుడు రాళ్ళతో కట్టినట్టు ఉంటుంది కదా, అది రాయి కాదు, చెక్క. పలకల అంచులు రాళ్ళలా కనిపించేలా చెక్కించి, తడి పెయింటు మీద ఇసక చల్లించి, రాతి భవనంలా భ్రమ కల్పించారు. అధ్యక్షుడిది చెక్కతో చేసిన నకిలీ రాయి, ఇక్కడ చెక్కపని చేసుకునే మనిషిది అసలు సిసలు రాయి. రెండూ ఒకే ట్రిప్పులో చూస్తే ఆ తేడా భలే ఉంటుంది, అందుకే మౌంట్ వెర్నన్ మర్నాడు దీన్ని పెట్టుకోమంటాను.

లోపల ఏముంది? వీధి గుమ్మం నుంచి వెళ్తే ముందు గది, అక్కడే పుస్తకాల చిన్న కొట్టు, రేంజర్లు. ఆ వెనక వంటిల్లు. నిలువెత్తు పొయ్యి, వేలాడే ఇనుప గిన్నెలు, మోటు దూలాలు. మా అమ్మ ఎక్కువసేపు ఉన్నది ఇక్కడే, పొగ ఎటు పోతుంది, మసి ఎవరు తోముతారు అని పెద్ద ఆరా. గోడలు రెండు నుంచి మూడు అడుగుల మందం. కిటికీ గూటిలో పిల్లాడు హాయిగా కూర్చోవచ్చు (కూర్చోబెట్టకండి, ఒప్పుకోరు). రాళ్ళు చెక్కి సైజు చేసినవి కావు, దొరికినవి దొరికినట్టు పేర్చి సున్నంతో పూడ్చినవి, పేర్చినవాడి చెయ్యి కనిపిస్తుంది. అంత మందం గోడ కాబట్టి బయటి వేడి లోపలికి రావడానికి గంటలు పడుతుంది, మన పాత మిద్దెల్లో మధ్యాహ్నం పడుకున్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. అదే గోడ చలికాలంలో శత్రువు. పొయ్యి ఆరితే ఆ రాయి మళ్ళీ వేడెక్కేసరికి తెల్లారిపోతుంది. పొటోమాక్ నది ఒడ్డు చలిలో ఆ ఇంట్లో పిల్లలు ఎలా పడుకున్నారో.

పై గదుల్లో భోజనాల గది, పడకలు, చెక్క పలకలు తొడిగిన గోడలు. కింద మోటుతనం, పైన కాస్త దర్జా. లేమన్ డబ్బుకీ చ్యూ డబ్బుకీ తేడా మెట్లెక్కుతుంటేనే తెలుస్తుంది. మెట్లు ఇరుకు, నిటారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని కిందే ఉంచడం మంచిది, వంటిల్లు చూస్తే వాళ్ళకి సగం చూసినట్టే. అన్ని గదులూ అన్ని రోజులూ తెరవకపోవచ్చు, ముందే అడిగి ఎక్కండి.

తప్పకుండా చూడాల్సింది సూటర్ గడియారం. ఆ కొడుకు సూటర్ చేసిన నిలువు గడియారం ఇప్పుడు మళ్ళీ ఇదే ఇంట్లో ఉంది. నా మటుకు ఇంట్లో ఉన్న సామానులో అన్నిటికన్నా గొప్ప వస్తువు అదే, ఎందుకంటే మిగతా మంచాలూ కుర్చీలూ గిన్నెలూ ఆ కాలానివి తెచ్చి పెట్టినవి, లేమన్ కుటుంబానివి కావు. గడియారం మాత్రం ఈ కథలో మనిషి చేతి పని. పైగా ఇంటిని బతికించిన పొరపాటుకి మూలం ఆ మనిషి పేరే.

ఇక కోసిన స్టారు సంగతి. 1950ల్లో బాగుచేసినప్పుడు ఇంటిని 18వ శతాబ్దానికి వెనక్కి తిప్పేశారు. అప్పట్లో ఎక్కడైనా అదే పద్ధతి, తర్వాత కాలంలో చేరినవన్నీ చెత్త కింద లెక్క, తీసెయ్యడమే. కాబట్టి ఇప్పుడు లోపల తిరిగితే లేమన్, చ్యూ కనిపిస్తారు గానీ, ఆ తర్వాత నూటయాభై ఏళ్ళు ఇక్కడే పని చేసుకుని అద్దె కట్టుకుని బతికిన టోపీలవాడు, దర్జీ, తాళాలవాడు కనిపించరు. నాకు ఇదే వెలితి. ఈ ఇంటి అసలు గొప్ప అన్ని రకాల మనుషులు వాడుకున్న ఇల్లు కావడమే అయినప్పుడు, వాళ్ళని తుడిచేసి ఒక్క కాలాన్నే ముస్తాబు చేసి చూపించడం ఏం న్యాయం? ఒక్క గదిని, పోనీ ఒక్క గోడని, ఆ కొట్ల కాలానికి వదిలేసి, ఆ "వాషింగ్టన్ హెడ్‌క్వార్టర్స్" బోర్డు నమూనా ఒకటి, కార్లు నిలబెట్టిన ఫోటో ఒకటి పెద్దగా తగిలిస్తే పిల్లలు కూడా నిలబడి చూస్తారు. మా అబ్బాయికి పొయ్యి పట్టలేదు, సెకండ్ హ్యాండ్ కార్ల మాట చెప్పగానే చెవులు నిక్కబొడుచుకున్నాడు.

దయ్యాల గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఊళ్ళో దీనికి దయ్యాల కొంప అని మంచి పేరే ఉంది, రాత్రిపూట ఘోస్ట్ టూర్ల వాళ్ళు దీని ముందు ఆగి కథలు చెప్తారు. నాకు కనిపించినవి స్కూలు పిల్లలే.

వెనక తోట మాత్రం ఐదుకి ఐదు. ఎం స్ట్రీట్ రొదలో, కాఫీకి కూడా పర్సు వణికే ఆ ఏరియాలో, ఎవరూ డబ్బులడగకుండా కూర్చోనిచ్చే పచ్చటి చోటు అది. చుట్టుపక్కల షాపుల్లో పనిచేసేవాళ్ళు మధ్యాహ్నం బాక్సులు తెచ్చుకుని అక్కడే తింటుంటారు. మేము కూడా ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర అక్కడే బెంచీల మీద కానిచ్చాం. ఎవరూ విచిత్రంగా చూడలేదు, ఒకావిడ మాత్రం వాసన బాగుందంది.

వెళ్ళేవాళ్ళకి: జార్జ్‌టౌన్‌లో మెట్రో స్టేషన్ లేదు. ఫాగీ బాటమ్‌లో దిగి నడవాలి, పావుగంట పైన పడుతుంది, పెద్దవాళ్ళుంటే బస్సో క్యాబో. వీకెండ్ కారు తీసుకెళ్తే పార్కింగ్ కోసం తిరిగే టెన్షన్‌లో ఇల్లు చూసే ఓపిక పోతుంది. తెరిచే రోజులూ వేళలూ మారుతుంటాయి, పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో ఆ రోజు పొద్దున్నే చూసుకోండి. దీని కోసమే ప్రత్యేకంగా వర్జీనియాలోని ఆష్‌బర్న్ నుంచి బయల్దేరమని అనను. కానీ ఎలాగూ జార్జ్‌టౌన్ వెళ్తారు, ఎలాగూ కప్‌కేకుల క్యూలో ఒకళ్ళు నిలబడాలి, మిగతావాళ్ళు ఆ టైములో ఈ ఇల్లు చూసి రావచ్చు. నది వైపు కాస్త దిగువకి నడిస్తే పాత కాలువ కూడా ఉంది, సీ అండ్ ఓ కెనాల్, దాని పక్కన నడక బాగుంటుంది. లోపలికెళ్ళాక మాత్రం ముందు గడియారం ఎక్కడుందో అడగండి, ఆ తర్వాత వాషింగ్టన్ ఇక్కడ ఉన్నాడట కదా అని అమాయకంగా ఒక ప్రశ్న వెయ్యండి. ఇక రేంజర్ ఆపకుండా చెప్తారు.